ప్రాజెక్ట్ ఐజీఐ మళ్ళీ మొదలెట్టా: ట్రైనర్ పెట్టాలా, వద్దా?

ఉక్కు కుర్రాడు:
మొన్న చవగ్గా దొరికితే ఐజీఐ కొన్నాను. 2000లో వచ్చిన షూటింగ్ గేమ్. అప్పట్లో మా ఉక్కునగరం క్వార్టర్స్‌లో కంప్యూటర్ ఉన్న ఇంటికి సాయంత్రమైతే పిల్లలంతా చేరేవాళ్ళం. ఒకడి చేతిలో మౌస్, ఇంకొకడి చేతిలో కీబోర్డు, మిగతా అందరూ సలహాదార్లే. ఇప్పుడు మధురవాడ ఫ్లాట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కణ్ణే ఆడుతున్నా.

గ్రాఫిక్స్ పాతబడ్డాయి, సరే. గార్డులు ఇంత తింగరోళ్ళని మాత్రం అప్పుడు తెలీలేదు. పక్కవాడు కూలిపోయినా కొందరు కదలరు! కానీ కొండ మీద నక్కి బైనాక్యులర్‌తో బేస్ అంతా చూసుకోవడం, మ్యాప్ కంప్యూటర్ తెరిచి పైనుంచి దారి వెతుక్కోవడం... ఆ మజా ఏమీ తగ్గలేదు.

బాధల్లా మిషన్ మధ్యలో ఆటని సేవ్ చేసుకునే వీలు లేకపోవడమే. నిన్న రాత్రి మిషన్ చివర్లో నిచ్చెన ఎక్కుతుంటే వెనకనుంచి ఎవడో కాల్చాడు. మళ్ళీ మొదటికి. ప్రాణం తగ్గకుండా చేసే చీటింగ్ ప్రోగ్రాములు, అదే ట్రైనర్లు, ఉన్నాయిగా, పెట్టేయమంటారా?

గాజువాక గురు:
పెట్టెయ్ గురూ. పిల్లలు పడుకున్నాక మనకి దొరికేదే గంట. అందులో సగం ఆ మైదానాల్లో నడకకే పోతుంది. 2003లో ఐజీఐ 2 తీసినప్పుడు వాళ్ళే మెత్తబడి కొన్ని సేవ్‌లు ఇచ్చారు కదా.

పెందుర్తి పాతకాపు:
వద్దు తమ్ముడూ. చావనని తెలిశాక బైనాక్యులర్ ఎందుకు తీస్తావు? కెమెరా ఎటు తిరుగుతోందో ఎందుకు చూస్తావు? గేట్లోంచి ఏకే పట్టుకుని నేరుగా దూరిపోతావు. అప్పుడు నీకు మిగిలేది ఆ తింగరి గార్డులే. మేం కరెంటు కోతల్లో ఆడాం. యూపీఎస్ కీచుమంటుంటే మిషన్ ముగించాలి, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

రెండు ముక్కలు చెప్తా. చెక్క గోడల వెనక ఉన్నవాణ్ణి బయటినుంచే కొట్టు, గుళ్ళు దూసుకుపోతాయి. అలారం మోగిందా, అందర్నీ చంపుదామని నిలబడకు. బ్యారక్స్‌లోంచి వస్తూనే ఉంటారు. ముందు అలారం ఆపు, లేదంటే పరుగెత్తు.

ఉక్కు కుర్రాడు:
అన్నా, చెక్క గోడ చిట్కా అదిరింది. గుడిసెలోవాడు బయటికి రాకుండానే పోయాడు. ట్రైనర్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టా. ఇంకోటి, నా మానిటర్ మీద బొమ్మ అడ్డంగా సాగిపోతోంది. మన హీరో జోన్స్ చేతులు బొద్దుగా కనిపిస్తున్నాయి.

గాజువాక గురు:
పాత గేమ్‌లని కొత్త కంప్యూటర్లలో సరిగ్గా ఆడించే డీజీవూడూ అనే ప్రోగ్రాం వేసి, బొమ్మని పాత మానిటర్ల కొలత 4:3లో పెట్టు. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, వాటికేం.

ఉక్కు కుర్రాడు:
వస్తే రానీ గురూ, జోన్స్ సన్నబడితే చాలు.