టైకాన్‌కి 19 అంగుళాల వీల్సా, 20వా? మన రోడ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

పోర్షే టైకాన్ ఎలక్ట్రిక్ కారు మామూలు మోడల్‌కి వీల్స్ ఎంచుకోవాలి. (టర్బో అయితే బ్రేకులు పెద్దవి, 19 పట్టదు.) తిరుగుడు సగం నెల్లూరు-చెన్నై హైవే, మిగతాది కందుకూరు, పొదిలి వైపు. హైవేతో పేచీ లేదు. పక్క రోడ్డులోకి దిగాకే తంటా: రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లు, తారు లేచి కంకర తేలిన అంచులు.

21 అంగుళాలది అందమే గానీ ముందు టైరు 265/35 (వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 35 శాతం), అంటే సైడ్‌వాల్ (రిమ్ నుంచి రోడ్డు దాకా ఉండే టైరు పక్కభాగం) 93 మిల్లీమీటర్లే. గుంత అంచుకి కొడితే రబ్బరు రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి, పక్కన బుడిపె లేస్తుంది. దానికి ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే. అందుకే దాన్ని వదిలేశా.

19లో ముందు 225/55, వెనక 275/45. రెండిటికీ సైడ్‌వాల్ 124. 20లో 245/45, 285/40. అంటే 110, 114. ముందు వెనక సైజులు వేరు కాబట్టి టైర్లు అటూ ఇటూ మార్చుకోలేం. స్టెప్నీ కూడా లేదు, పంక్చర్ పూడ్చే సీలెంట్ డబ్బానే.

20తో ఈ రోడ్ల మీద తిప్పేవాళ్లకి రిమ్ వంగిందా? గాలి ఎంత పెడుతున్నారు? ఎన్ఎఫ్0 గుర్తున్న (టైకాన్‌కి పోర్షే ఆమోదించిన) 19 టైర్లు ఒంగోల్లోనో నెల్లూర్లోనో దొరుకుతాయా, చెన్నై నుంచే తెప్పించుకోవాలా?