మండలి ఫాంటులో బోల్డ్, ఇటాలిక్ లేవు: పాటల పుస్తకానికి ఏం చేయాలి?

నమస్కారం. విజయనగరం దగ్గర మా ఊరి తప్పెటగుళ్ల పాటలను చిన్న పుస్తకంగా వేస్తున్నాం. పేజీలు ఇన్‌డిజైన్ అనే పేజీల అమరిక సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. పాటలకు మండలి ఫాంటు పెట్టాను. వత్తులు స్పష్టంగా ఉంటాయి, పెద్దవాళ్లు కూడా హాయిగా చదవగలరు. పల్లవి బోల్డ్‌లో, మాండలిక పదాల అర్థాలు ఇటాలిక్‌లో రావాలని కోరిక.

వర్డ్‌లో బోల్డ్ నొక్కితే అక్షరం లావవుతుంది. అది ఫాంటులో ఉన్న బోల్డ్ కాదు, వర్డ్ తానే గీతను మందం చేసి చూపేది. ఇన్‌డిజైన్ అలా చేయదు. ఆ ఫాంటు కుటుంబంలో బోల్డ్ ఫైలు ఉంటేనే ఇస్తుంది. మండలిలో ఉన్నది రెగ్యులర్ ఒక్కటే. అక్షరాల అంచుకు గీత (స్ట్రోక్) ఇచ్చి చూస్తే 'ఱ', 'ఘ' లోపలి ఖాళీలు పూడిపోతున్నాయి.

నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటులో సన్నం నుంచి బాగా లావు వరకు అన్నీ ఉన్నాయి, ఇటాలిక్ మాత్రం లేదు. స్క్యూతో వాల్చితే గుండ్రటి అక్షరాల అందం పోతోంది. అర్థాలకు ఇటాలిక్ బదులు సన్నని అక్షరం, కాస్త చిన్న సైజు చాలునా?

మండలి పక్కన పల్లవికి ఏ ఫాంటు ఇముడుతుంది? రామభద్ర మరీ బరువుగా అనిపించింది. లేక పుస్తకమంతా నోటోకు మార్చడమే మేలా? ఆఫ్‌సెట్‌లో తెలుగు పుస్తకాలు వేయించినవారు దయచేసి చెప్పండి. పాడేవాళ్లు చేతిలో పట్టుకునే పుస్తకం ఇది; పల్లవి చూడగానే కంటికి ఆనాలి.