బీఎంఐ 23 దాటితే అధిక బరువేనా?

లెక్కల మాస్టారు:

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే బీఎంఐ, అంటే బాడీ మాస్ ఇండెక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో 18.5 నుంచి 25 లోపు మామూలు బరువు. మన దేశపు వైద్య నిపుణులు 2009లో ప్రకటించిన ఏకాభిప్రాయ పత్రంలో మాత్రం 23 నుంచే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 25 అనే గీత 68 కిలోల దగ్గర పడుతుంది, 23 అనే గీత 62.6 కిలోల దగ్గర పడుతుంది. ఈ అయిదున్నర కిలోల నడుమ ఉన్నవారందరినీ ఒక్క కలంపోటుతో అధిక బరువు ఖాతాలోకి నెట్టడం సబబేనా?

ఈ సూత్రాన్ని 1830లలో ముందుకు తెచ్చిన అడాల్ఫ్ క్వెట్లే వైద్యుడు కాడు, బెల్జియం దేశపు ఖగోళ, గణాంక శాస్త్రవేత్త. ఆయన వెతికింది సగటు మనిషిని. దానికి ఇప్పుడున్న పేరు పెట్టి 1972లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ బృందం పరిశీలించినది అయిదు దేశాల పురుషులను. అందులో స్త్రీలు లేరు. 1998లో అమెరికాలో అధిక బరువు గీతను మగవారికి 27.8 నుంచి, ఆడవారికి 27.3 నుంచి 25కు దించినప్పుడు, రాత్రి మామూలుగా పడుకున్న లక్షలాది మంది తెల్లవారేసరికి లావుపాటివారైపోయారు. కమిటీ కూర్చున్నప్పుడల్లా జరిగే గీతను శాస్త్రమని నమ్మమంటే, లెక్కలు చెప్పుకుని బతికినవాడిగా నాకు మింగుడుపడటం లేదు.

మధుమేహ వైద్యురాలు:

మాస్టారూ, మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. మన గీత ఎందుకు కిందకు దిగిందో మాత్రం మీరు చెప్పలేదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలోని కొవ్వును కొలిస్తే యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మీ పట్టిక ప్రకారం ఇద్దరూ మామూలువారే! మన పిల్లలు తక్కువ బరువుతో, తక్కువ కండతో పుట్టినా కొవ్వు విషయంలో అంతగా వెనకబడరని యాజ్ఞిక్ బృందమే పుణె శిశువుల్లో చూపించింది. పెద్దయ్యాక ఆ కొవ్వు పొట్టలో, కాలేయం చుట్టూ చేరి ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. 2021లో ఇంగ్లండ్‌లో పద్నాలుగు లక్షలకు పైగా జనం వైద్య రికార్డులను పరిశీలించినప్పుడు, తెల్లవారికి బీఎంఐ 30 వద్ద ఎదురయ్యే మధుమేహ ముప్పు దక్షిణాసియా సంతతివారికి 23.9 వద్దే ఎదురవుతోందని తేలింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. అక్కడి డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా సంతతివారి విషయంలో 2015 నుంచి 23నే పరీక్షలకు ప్రమాణంగా పెట్టుకుంది.

అంతమాత్రాన 23 దాటినవారందరికీ జబ్బుందని నేను చెప్పను. పరగడుపు చక్కెర, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు చూపించుకోమంటాను, టేపు తీస్తాను. నడుము ఎంతండీ అని అడిగితే మగవారు ప్యాంటు సైజు చెబుతారు, ముప్పై నాలుగు అని. ఆ ప్యాంటు పొట్ట కిందకు జారి నిలబడినది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూస్తే 98 సెంటీమీటర్లు ఉంటుంది. మన మగవారికి హద్దు 90, ఆడవారికి 80. పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవారిని కాసేపు కబుర్లలో పెట్టి మళ్లీ కొలవాల్సి వస్తుంది.

మాజీ కబడ్డీ ఆటగాడు:

జిల్లా జట్టుకు ఆడిన రోజుల్లో నా బీఎంఐ 27. ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన వైద్య పరీక్షలో ఊబకాయం అని రాసిచ్చారు. నన్ను ఒక్కసారైనా ముట్టుకుని చూడలేదు. ఆట మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడూ అదే బరువు, అదే 27. తొడలు సన్నబడ్డాయి, పొట్ట వచ్చింది, చక్కెర మాత్రలు మొదలయ్యాయి. కండను కొవ్వని పొరబడిన సూచికే, కండ పోయి కొవ్వు చేరినప్పుడు కనిపెట్టలేకపోయింది. నా మట్టుకు అది రెండుసార్లూ తప్పింది.

లెక్కల మాస్టారు:

డాక్టర్ గారూ, మీ వాదనే నాకు బలమిస్తోంది. ఒకే 22.3 వెనుక 9 శాతం, 21 శాతం రెండూ దాక్కోగలిగితే, గీతను 25 నుంచి 23కు దించినా ఆ ఇద్దరినీ విడదీయలేము కదా. అటువంటప్పుడు టేపునే నమ్ముకుని బీఎంఐని పక్కన పెట్టవచ్చు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలన్న నియమాన్ని బ్రిటన్‌లో 2022 నుంచి అధికారికంగానే సూచిస్తున్నారు. దానికి పట్టికతో పని లేదు, ఒక దారం ముక్క చాలు.

మధుమేహ వైద్యురాలు:

ఆ నియమం మంచిదే, నేనూ చెబుతున్నాను. కాని ఒకే మనిషి నడుమును ఇద్దరు నర్సులు కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్ల తేడా రావడం మామూలే. బరువు యంత్రంతో అంత తేడా రాదు. ఏడాదికేడాది మార్పును పోల్చడానికి, ఊరూరా సర్వే చేయడానికి బీఎంఐ అంత చౌకైన సాధనం నాకు కనబడదు. లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం 2025 జనవరిలో చెప్పినదీ దాదాపు ఇదే: బీఎంఐని వడపోతకు వాడండి, ఒక వ్యక్తికి ఊబకాయం ఉందని తేల్చే ముందు నడుమునో కొవ్వునో కొలవండి, ఆపైన అవయవాల పనితీరు దెబ్బతిన్నదో లేదో చూడండి. బీఎంఐ 40 దాటినవారికి మాత్రం ఈ అదనపు కొలత అక్కర్లేదన్నారు. కబడ్డీ సోదరుడికి జరిగిన అన్యాయం వడపోత దగ్గరే ఆగిపోయి సంతకం పెట్టేయడం వల్ల జరిగింది.

ఏజెన్సీ ప్రాంత నర్సు:

మీ చర్చంతా పై గీత చుట్టూనే తిరుగుతోంది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం మంది 25 గీత మీద లేదా పైన ఉంటే, దాదాపు 15 శాతం మంది 18.5 కింద ఉన్నారు. మా కొండ గ్రామాల్లో గర్భంతో మా దగ్గరకు వచ్చే అమ్మాయిల బీఎంఐ 17 అని తొలి నెలల్లోనే తెలిస్తే, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదాన్ని ముందే పసిగట్టి అదనపు ఆహారం మీద దృష్టి పెడతాం. మాకు టేపుతో ఆ సంగతి తెలియదు. పుణె శిశువుల కథ కూడా ఇలాంటి తల్లుల దగ్గరే మొదలవుతుందని డాక్టర్ గారికి నేను గుర్తు చేయనక్కర్లేదు.

లెక్కల మాస్టారు:

కింది గీత గురించి నాకు అభ్యంతరం లేదమ్మా. మరి వృద్ధుల మాటేమిటి? మా అమ్మ నడుము వంగి ఎత్తు తగ్గింది. బరువు మారకపోయినా, హారం చిన్నదైనందుకు ఆవిడ బీఎంఐ పెరిగింది.

మధుమేహ వైద్యురాలు:

వృద్ధుల విషయంలో నేను 23ను పట్టుకుని కూర్చోను. నడుము వంగకముందున్న ఎత్తు ఎక్కడైనా రాసి ఉంటే దాన్నే తీసుకుంటాను. ఆ వయసులో కండ తరుగుదలే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. అమ్మగారు చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా, ఆరు నెలల్లో ప్రయత్నించకుండానే బరువు అయిదు శాతం తగ్గిందా అన్నవి చూడండి. తగ్గి ఉంటే, బీఎంఐ ఎంత ఉన్నా సరే, వెంటనే డాక్టరుకు చూపించండి.