టెర్రీ 0.341, యాస్ట్రెమ్‌స్కీ 0.285: బేస్‌బాల్‌లో ఇద్దరూ ఒకే స్థాయి బ్యాటర్లా?

పాతలెక్కలు:
బిల్ టెర్రీ 1923 నుంచి 1936 దాకా న్యూయార్క్ జెయింట్స్‌కు ఆడి 0.341 బ్యాటింగ్ సగటుతో ముగించాడు. కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ 1961 నుంచి 1983 దాకా బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆడాడు, సగటు 0.285. ఇద్దరూ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు, దానిపై పేచీ లేదు. కానీ లీగ్ సగటుతో పోలిస్తే ఇద్దరూ దాదాపు సమానమేనని ఇక్కడ కొందరు పదే పదే రాస్తున్నారు. లెక్కలోకి వచ్చే ప్రతి వెయ్యి అవకాశాల్లో టెర్రీవి 341 హిట్లు (బంతిని కొట్టి, ఔట్ కాకుండా బేస్ అనే మజిలీకి చేరడం), యాస్ట్రెమ్‌స్కీవి 285. ఆ 56 హిట్లు ఏమైపోయినట్టు?

ఎడమచేతివాటం:
ఎక్కడికీ పోలేదు, అవి ఏ కాలంలో పుట్టాయో చూడండి. 1930లో టెర్రీ 0.401 కొట్టాడు. ఆ తర్వాత ఆయన ఆడిన నేషనల్ లీగ్‌లో ఇంకెవరూ 0.400 అందుకోలేదు. అయితే ఆ ఏడాది ఆ లీగ్ మొత్తం సగటే 0.303! ఫిలడెల్ఫియా ఫిలీస్ జట్టంతా కలిసి 0.315 కొట్టి కూడా 102 ఓటములతో అట్టడుగున నిలిచింది. హిట్లు అంత చవక.

ఇక 1968కి రండి. పిచర్ (బంతి విసిరేవాడు) బాబ్ గిబ్సన్ 1.12 ఈఆర్ఏతో, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటకు సగటున అన్ని పరుగులే ఇచ్చి, బ్యాటర్లను వణికించిన ఏడాది అది. యాస్ట్రెమ్‌స్కీ జట్టున్న అమెరికన్ లీగ్ సగటు 0.230కి పడిపోయింది. యాస్ట్రెమ్‌స్కీ 0.301తో బ్యాటింగ్ కిరీటం గెలిచాడు, ఆ లీగ్‌లో 0.300 దాటింది ఆయనొక్కడే. అంటే 1930లో నేషనల్ లీగ్ సగటు ఆటగాడు కొట్టినంత కూడా కొట్టకుండానే ఇక్కడ అగ్రస్థానం దక్కింది. పిచర్ల పెత్తనం భరించలేక 1969లో పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి దించారు.

పైగా బ్యాటింగ్ సగటు వాక్‌లను (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) పట్టించుకోదు. అవి యాస్ట్రెమ్‌స్కీకి 1,845, టెర్రీకి 537. బేస్ చేరడాన్నీ, హిట్ల బలాన్నీ కలిపి, మైదానాన్నీ లీగ్‌నీ బట్టి సర్దిన ఓపీఎస్ ప్లస్‌లో లీగ్ సగటు 100. టెర్రీ 136, యాస్ట్రెమ్‌స్కీ 130.

పాతలెక్కలు:
మీ కొలబద్దతోనే టెర్రీ ముందున్నాడు కదా, ధన్యవాదాలు.

ఎడమచేతివాటం:
టెర్రీ ఆడింది 1,721 ఆటలు. యాస్ట్రెమ్‌స్కీ 3,308. నలభై నాలుగేళ్ల వయసులో, వాడి తగ్గాక కొట్టినదంతా ఆ 130లో కలిసే ఉంది. టెర్రీ ముప్పై ఏడేళ్లకే ఆట ముగించాడు. జీవితకాల సగటు ఎక్కువకాలం ఆడినవాడికి ఎప్పుడూ అన్యాయమే చేస్తుంది.

మూడోబేస్:
నా అనుమానం కొలబద్ద మీదే. 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చేదాకా మేజర్ లీగ్‌లు, అంటే ఈ రెండు లీగ్‌లూ, నల్లజాతి ఆటగాళ్లకు తలుపులు మూసేశాయి. సాచెల్ పేజ్ వంటి నల్లజాతి పిచర్‌ను టెర్రీ లీగ్ ఆటలో ఎదుర్కోనే లేదు. యాస్ట్రెమ్‌స్కీని కొలిచిన సగటులో నల్లజాతి మేటి బ్యాటర్లు ఫ్రాంక్ రాబిన్సన్, రాడ్ కెర్యూ, రెజీ జాక్సన్ ఉన్నారు. కొందరిని బయట నిలబెట్టి తీసిన 100, అందరినీ రానిచ్చి తీసిన 100 ఒకటి కావు.

పాతలెక్కలు:
న్యాయమైన మాటే. కానీ ఒక వైపే చూస్తే ఎలా? టెర్రీ కాలంలో నేషనల్ లీగ్‌లో జట్లు ఎనిమిది. 1977 నాటికి అమెరికన్ లీగ్‌లో పద్నాలుగు. ఎనిమిది జట్లలో చోటు దొరకని పిచర్లు పద్నాలుగింటిలో ఉద్యోగం సంపాదిస్తారు.

మూడోబేస్:
కాదనను. ఈ రెండూ ఓపీఎస్ ప్లస్‌లో కనబడవు, అందుకే ఆరు పాయింట్ల తేడా మీద నేను పందెం కాయను. ఒక్క సీజన్ ఎంచుకోమంటే మాత్రం యాస్ట్రెమ్‌స్కీ 1967: 0.326, 44 హోమ్ రన్‌లు, 121 ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు). మూడింటిలోనూ లీగ్‌లో అగ్రస్థానం, అంటే ట్రిపుల్ క్రౌన్.

పాతలెక్కలు:
నేను 1930 తెస్తాను. 254 హిట్లు. నేషనల్ లీగ్‌లో ఒక సీజన్‌లో అంతకు మించి ఇప్పటికీ ఎవరూ కొట్టలేదు.

ఎడమచేతివాటం:
సమానంగా కొట్టినవాడు ఒకడున్నాడు, లెఫ్టీ ఓడూల్. ఎప్పుడనుకున్నారు? 1929లో.