శిఖరం చేరకుండా తిరిగి వస్తే అది సాహసమేనా?

ప్రశ్న:
గత నెలలో మేము నలుగురం ఒక కొండ ఎక్కడానికి బయలుదేరాము. ఇంకా గంట నడక ఉందనగా పొగమంచు దట్టంగా కమ్మింది. దారి గుర్తుగా పేర్చిన రాళ్ల కుప్పలు కూడా కనబడకపోవడంతో వెనక్కి వెళ్దామని నేనే అన్నాను. మిగిలినవారు అయిష్టంగానే దిగారు. నేను చేసింది వివేకమా, లేక పిరికితనానికే వివేకమని పేరు పెట్టుకున్నానా? అప్పటి నుంచి ఇదే సందేహం పీడిస్తోంది.

మొదటి సమాధానం:
1909 జనవరి 9న ధ్రువ యాత్రికుడు ఎర్నెస్ట్ షాకిల్టన్, ఆయన సహచరులు ముగ్గురు దక్షిణ ధ్రువానికి సుమారు 180 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయారు. అప్పటికి అంత దక్షిణానికి వెళ్లిన మనిషి లేడు. ధ్రువం దాకా నడిస్తే తిరుగు దారికి తిండి చాలదని లెక్క తేలడంతో, జీవితాశయం అంత చేరువలో ఉన్నా ఆయన వెనక్కి మళ్లాడు. నలుగురూ ప్రాణాలతో బయటపడ్డారు. దాన్ని పిరికితనమనడానికి నాకు నోరు రాదు.

రెండవ సమాధానం:
పై మాటతో నాకు పేచీ లేదు గాని, షాకిల్టన్ పేరు చెప్పి ప్రతి వెనుకడుగునూ సమర్థించుకోవడం నాకు నచ్చదు. 1953 మే 26న బ్రిటిష్ పర్వతారోహకులు బోర్డిలన్, ఎవాన్స్ ఎవరెస్టు దక్షిణ శిఖరం దాకా వెళ్లి, అసలు శిఖరానికి దాదాపు వంద మీటర్ల దిగువ నుంచి మరలి వచ్చారు. ఆక్సిజన్ పరికరం ఇబ్బంది పెట్టింది, పొద్దూ మించిపోయింది. అయితే వారు ఉత్త చేతులతో దిగలేదు. ఆపై గట్టు ఎలా ఉందో కళ్లారా చూసి వచ్చారు. మూడు రోజుల తరువాత అదే బృందంలోని టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరారు. అందువల్ల మీరు ఎందుకు దిగారన్నదాని కంటే, ఏం తెలుసుకొని దిగారన్నదే నేను అడుగుతాను.

ప్రశ్న అడిగినవారు:
మీ ప్రశ్న సూటిగా తగిలింది. దిగేటప్పుడు ఒకరు రాళ్ల కుప్ప దగ్గరే నిలబడేవారు, ఇంకొకరు కేక వినబడేంత దూరం వెళ్లి తరువాతి కుప్పను వెతికేవారు. అది దొరికాకే అందరం కదిలేవాళ్లం. అలా పదకొండు కుప్పలు దాటాము. ఎక్కేటప్పుడు ఎన్ని దాటామో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే మేమంతా పైకే చూస్తూ నడిచాము.