సిబియు: రొమేనియా ఊళ్లో ఇంత జర్మన్ ఎందుకు?

కొండగాలి:
పని మీద బుకారెస్ట్ వచ్చి రెండు నెలలైంది. మొన్న శని, ఆదివారాలు సిబియు వెళ్లొచ్చాను. ఊరు తెగ నచ్చేసింది కానీ ఒక్కటి బుర్రకెక్కలేదు. ఊరి మొదట్లో బోర్డు మీద సిబియు కిందే హెర్మన్‌స్టాట్ అని జర్మన్ పేరు కూడా ఉంది, చూడబోతే ఇళ్లూ చర్చీ అన్నీ జర్మన్ తరహా, కానీ ఎవర్ని పలకరించినా రొమేనియనే. గెస్ట్‌హౌస్ ఆవిడని అడిగితే "వాళ్లు వెళ్లిపోయారు" అని ఒక్క ముక్క అని కాఫీ పెట్టడానికి లోపలికెళ్లింది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు? ఇంకోటి, ఆ పైకప్పుల్లో సగం మూసిన కళ్లలాంటి కిటికీలేంటి? రాత్రి చౌకులో ఒంటరిగా నడుస్తుంటే ఇళ్లే మనల్ని చూస్తున్నట్టుంటుంది.

పాతగోడ:
వాళ్లని సాక్సన్లు అంటారండి. 12వ శతాబ్దం మధ్యలో హంగరీ రాజు రెండో గేజా సరిహద్దు కాపలాకీ, వ్యవసాయానికీ, చేతివృత్తులకీ జర్మన్ మాట్లాడే వాళ్లని ట్రాన్సిల్వేనియాకి, అంటే అప్పట్లో హంగరీ కింద ఉన్న ఈ సిబియు ప్రాంతానికి పిలిపించాడు. ఊరి పేరు కాగితాల మీద మొదట కనిపించేది 1191లో. తర్వాత చేతివృత్తుల సంఘాలు బలపడ్డాయి, ఆ డబ్బుతోనే గోడలూ బురుజులూ లేచాయి.

ఇంతకీ "వెళ్లిపోవడం" అన్నది నిన్నమొన్నటి మాటే. కమ్యూనిస్టు నియంత చౌషెస్కు రొమేనియాని ఏలిన కాలంలో పశ్చిమ జర్మనీ తలకింత అని డబ్బు కట్టి వాళ్లని తీసుకెళ్లేది, అంటే ఆయన సొంత పౌరుల్ని అమ్ముకున్నట్టే. 1989లో ఆయన కూలాక గేట్లు తెరుచుకున్నాయి, 1990 ఒక్క ఏడాదిలోనే రొమేనియా మొత్తం మీద లక్షమందికి పైగా జర్మన్లు వెళ్లిపోయారు. ఎనిమిది వందల ఏళ్లు ఉన్న చోటు నుంచి! ఇప్పుడు సిబియులో మిగిలింది చాలా కొద్దిమంది. అయినా జర్మన్ మీడియం బడి ఉంది, జర్మన్‌లో వారపత్రిక వస్తోంది, ఊరి థియేటర్‌లో జర్మన్ నాటకాలకి వేరే విభాగమే ఉంది. 2000 నుంచి 2014 దాకా మేయర్‌గా ఉండి తర్వాత దేశాధ్యక్షుడైన క్లాస్ యోహానిస్ కూడా సాక్సనే. ఓటేసింది ఎక్కువగా రొమేనియన్లే మరి.

ఆ కళ్లు అటక మీద గాలాడటానికి. పైన ధాన్యం, సరుకులు నిల్వ చేసేవారు.

మలుపుమెట్లు:
పాతగోడ గారూ, బాగా చెప్పారు కానీ ఇది సగం కథే అనిపించింది. ఈ సాక్సన్ ఊళ్లలో రొమేనియన్లకి ఇల్లు కొనుక్కునే హక్కు కూడా ఉండేది కాదు, 1781లో అప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ ఆజ్ఞతో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. అలాంటి ఊళ్లోనే 1861లో రొమేనియన్ల సాహిత్య, సాంస్కృతిక సంఘం ఆస్ట్రా పుట్టింది. 1902, 1906 మధ్య కట్టిన ఆర్థడాక్స్ కేథడ్రల్‌ని ఇస్తాంబుల్ హగియా సోఫియా నమూనాలో కట్టారు, పాత గోడల మధ్యే! అది చూడకుండా పెద్ద చౌకులో ఫొటోలు దిగి వచ్చేస్తే సిబియు చూసినట్టు కాదు.

బ్రూకెంతాల్ మ్యూజియంలోకి వెళ్లారా? ట్రాన్సిల్వేనియా గవర్నర్‌గా చేసిన సామ్యుయెల్ బ్రూకెంతాల్ భవనం అది, 1817 నుంచి జనం చూస్తున్నారు. హోమియోపతి హానిమాన్ కుర్రాడిగా ఉన్నప్పుడు కొన్నాళ్లు ఆయన దగ్గర లైబ్రేరియన్‌గా పుస్తకాలు సర్దాడు. టెల్లూరియం అనే మూలకాన్ని కూడా 1782లో ఈ ఊళ్లోనే కనిపెట్టారు.

రైలుపెట్టె:
నేను చిన్నది కలుపుతా. చిన్న చౌకు దగ్గర ఇనుప వంతెన ఉంది కదా, 1859 నాటిది, అబద్ధాల వంతెన అంటారు. దాని మీద అబద్ధమాడితే కూలిపోతుందని కథ. అసలు సంగతి మాటల తికమక అంటారు: జర్మన్‌లో "లీగెన్" అంటే వాలి ఉండటం, "ల్యూగెన్" అంటే అబద్ధమాడటం. కింద స్తంభాల్లేకుండా వాలినట్టుండే వంతెన కాస్తా అబద్ధాలకోరు అయిపోయిందన్నమాట.

మళ్లీ వెళ్తే జూన్‌లో వెళ్లండి, 1993లో మొదలైన అంతర్జాతీయ నాటకోత్సవం అప్పుడే. రూమ్ మాత్రం ముందే బుక్ చేసుకోండి, లేకపోతే టెన్షనే. ఊరి బయట అడవిలో ఆస్ట్రా ఓపెన్ ఎయిర్ మ్యూజియం కూడా ఉంది. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లూ గాలిమరలూ విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. దానికి సగం రోజు చాలదు, మంచి బూట్లేసుకెళ్లండి.

కొండగాలి:
అందరికీ థ్యాంక్స్. కేథడ్రల్ మిస్సయ్యాను, దానికోసమైనా మళ్లీ వెళ్లాలి. ఆ వంతెన మీద నిలబడే మా మేనేజర్‌కి ఫోన్లో "రిపోర్ట్ దాదాపు అయిపోయిందండీ" అని చెప్పాను. కనీసం కదల్లేదు.