3 టీబీ డిస్క్ 746 జీబీ అని చూపిస్తోంది, ఓవర్‌ఫ్లో (సంఖ్య వేరియబుల్‌లో పట్టక పొంగడం) ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న
నేర్చుకోవడానికి సీలో ఒక చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాస్తున్నాను. చిన్న డిస్కులతో అంతా బాగానే ఉంది, 3 టీబీ డిస్క్ పెడితే మాత్రం సైజు 746 జీబీ అని వస్తోంది. సెక్టార్లు (డిస్క్‌లోని 512 బైట్ల ముక్కలు) 5860533168 ఉండాలి, నా వేరియబుల్‌లో 1565565872 కనిపిస్తోంది. దాన్ని 64 బిట్లకు మార్చేస్తే సరిపోతుందా? ఎంబీఆర్ (డిస్క్ సున్నా సెక్టారులో పార్టిషన్ల వివరాలుండే పాత పద్ధతి టేబుల్) చదివే చోట మొదటి సెక్టారుకి సెక్టార్ల సంఖ్య కలిపి, ఆ మొత్తం డిస్క్ సైజు దాటకపోతే పార్టిషన్ సరైనదే అనుకుంటున్నాను. అన్నీ 32 బిట్ అన్‌సైన్డ్‌లే (మైనస్ విలువలు లేని సంఖ్యలు). ఇంకేమైనా చూడాలా?

జవాబు 1
మీ రెండు అంకెల తేడా సరిగ్గా 4294967296, 32 బిట్లలో పట్టే మొత్తం విలువలు అన్నే, అంటే పై బిట్లు తెగిపోయాయి. వేరియబుల్ ఒక్కటే మారిస్తే చాలదండి, డిస్క్ నుంచి చదివే ఫంక్షన్ రిటర్న్ టైపు, స్ట్రక్చర్‌లోని ఫీల్డు, ప్రింట్ ఫార్మాట్, వీటిలో ఎక్కడ 32 బిట్లు మిగిలినా మళ్లీ అక్కడే తెగుతుంది. సెక్టార్లను 512తో గుణించే లైన్లు కూడా వెతకండి. రెండు వైపులా 32 బిట్లే ఉంటే గుణకారం 32 బిట్లలోనే జరిగిపోతుంది, 4 జీబీ దగ్గరే చుట్టు తిరుగుతుంది (మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది), ఫలితాన్ని 64 బిట్ వేరియబుల్‌లో పెట్టినా లాభం లేదు. గుణించే ముందే 64 బిట్లకు క్యాస్ట్ చెయ్యాలి, అంటే టైపు మార్చాలి.

జవాబు 2
సైజు తప్పు చూపించడం కంటే ఆ చెక్ చాలా ప్రమాదం. ఎవరో కావాలని తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లో మొదటి సెక్టారు 4294967200, సంఖ్య 200 అని ఉందనుకోండి. మీ కూడిక 104 అవుతుంది, చెక్ పాసైపోతుంది. ఇప్పుడు ఆ పార్టిషన్‌లో 96వ సెక్టారుకి రాయమంటే అది సున్నా సెక్టారుకి వెళ్తుంది, అంటే నేరుగా ఎంబీఆర్ మీదే రాసేస్తారు!

అసలు కూడకండి. ముందు మొదటి సెక్టారు డిస్క్ సైజు కంటే పెద్దదైతే తిప్పికొట్టండి, ఆ తర్వాత సంఖ్యను డిస్క్ సైజులోంచి మొదటి సెక్టారు తీసేయగా మిగిలినదానితో పోల్చండి. ఈ వరసలోనే చెయ్యాలి, లేకపోతే తీసివేత కూడా చుట్టు తిరుగుతుంది. 64 బిట్లకు మారాక ఎంబీఆర్‌లో కూడిక పొంగదు గానీ జీపీటీలో (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త పార్టిషన్ టేబుల్) సెక్టార్ నంబర్లే 64 బిట్లు, అక్కడ మళ్లీ ఇదే గొడవ. ఎలాగూ 512 బైట్ల సెక్టార్లతో 2 టీబీ దాటిన డిస్కును పూర్తిగా వాడాలంటే జీపీటీ కావాల్సిందే.

జవాబు 3
జీపీటీ అన్నారు కాబట్టి ఒక మాట. హెడర్‌లో ఎంట్రీల సంఖ్య, ఒక్కో ఎంట్రీ సైజు రెండూ 32 బిట్లు. మామూలుగా 128 ఎంట్రీలు, ఒక్కోటి 128 బైట్లు, అంటే 16384 బైట్ల మెమరీ. ఎవరైనా సంఖ్యను 33554432 చేస్తే 32 బిట్లలో ఆ గుణకారం సున్నా అవుతుంది, మీరు సున్నా బైట్లు కేటాయించుకుని అందులోకి ఎంట్రీలు కాపీ చేస్తారు. సీఆర్‌సీ (డేటా చెడిందో లేదో చూసే సరిచూపు సంఖ్య) సరిపోయింది కదా అని నమ్మొద్దు, టేబుల్ మార్చినవాడు సీఆర్‌సీ కూడా మళ్లీ లెక్కగట్టి పెడతాడు. సంఖ్యకి మీరే ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. చివరి సెక్టారు మొదటిదాని కంటే చిన్నదైతే ఆ ఎంట్రీని వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు
తీసివేతతో రాశాక 4294967200 ఉన్న టేబుల్‌ని తిప్పికొడుతోంది, చాలా థ్యాంక్స్. పెద్ద డిస్క్ కొనకుండా మిగతావి ఎలా టెస్ట్ చెయ్యాలి?

జవాబు 2
లినక్స్‌లో ట్రంకేట్ కమాండ్‌తో 3 టీబీ ఖాళీ ఫైలు చెయ్యండి, దాన్ని సపోర్ట్ చేసే ఫైల్‌సిస్టమ్ అయితే నిజంగా అంత చోటు తినదు. దాన్నే ఎమ్యులేటర్‌కి (కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) డిస్క్‌గా ఇచ్చి, 2 టీబీ గీతకి అటు ఒక సెక్టారు, ఇటు ఒక సెక్టారు రాసి చదవండి. యూబీశాన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా ఇలాంటి తప్పుల్ని పట్టే కంపైలర్ సాధనం) మామూలు సెట్టింగ్‌లో అన్‌సైన్డ్ చుట్టుతిరుగుడును పట్టుకోదు, క్లాంగ్ కంపైలర్‌లో దానికి విడిగా ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసుకోండి.